సైలెన్సర్ స్టడ్డు థ్రెడ్డు పోతే సరిచేసే విధానం

మోటార్‌సైకిల్ ఇంజిన్ హెడ్డు సాధారణంగా అల్యూమినియంతోనూ, దానికి పొగగొట్టాన్ని పట్టి ఉంచే స్టడ్డు (తల లేని బోల్టు) ఉక్కుతోనూ తయారవుతాయి కాబట్టి, వేడికి బిగుసుకుపోయిన స్టడ్డును బలవంతంగా తిప్పితే మెత్తనిదైన అల్యూమినియంలోని థ్రెడ్డే (మరలే) ఊడిపోతుంది. ఆ రంధ్రాన్ని జిగురుతో నింపి సరిపెట్టడం వృథా; అక్కడి వేడికి అది నిలవదు. ఉక్కు తీగ చుట్టతో చేసిన హెలీకాయిల్‌ను ఆ రంధ్రంలో కొత్త థ్రెడ్డుగా అమర్చడమే నమ్మదగిన మార్గం.

ఇంజిన్ చల్లారాక గొట్టాన్ని విప్పి, లోహపు పొట్టు లోపలికి పోకుండా ఎగ్జాస్ట్ పోర్టును గుడ్డతో మూయాలి. ఎం8 × 1.25 థ్రెడ్డుకు (8 మి.మీ. వ్యాసం, మరల మధ్య 1.25 మి.మీ. దూరం) సుమారు 8.3 మి.మీ. డ్రిల్ బిట్టు సరిపోతుంది గాని, హెలీకాయిల్ కిట్టులో సూచించిన కొలతనే పాటించడం మేలు. ఈ పనిలో అసలు కష్టం డ్రిల్లును నిటారుగా దించడమే. అది ఏమాత్రం ఒరిగినా కొత్త స్టడ్డు వంకరగా నిలబడి, ఫ్లాంజి (గొట్టం చివరి పట్టీ) సరిగా కూర్చోదు. పాత రంధ్రం లోతు దాటకుండా బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి.

తరువాత కిట్టులోని ట్యాప్‌కు (థ్రెడ్డు కోసే పనిముట్టుకు) నూనె రాసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ థ్రెడ్డు కోయాలి. పొట్టంతా తీసేశాక, తీగ చుట్టను హెడ్డు ఉపరితలం కన్నా పావు నుంచి అర చుట్టు లోతుకు దించి, దాని అడుగునున్న కొక్కేన్ని విరిచి తప్పక బయటికి తీయాలి. పోర్టులోని గుడ్డను తీసి, కొత్త స్టడ్డును ఎక్కించి, కొత్త గ్యాస్కెట్ పెట్టి గొట్టాన్ని అమర్చి, నట్లను మార్చి మార్చి మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) వరకే బిగించాలి.