ఊళ్లో ఇల్లు కడుతున్నారా? ముగ్గు పోయకముందే ఈ పనులు చూసుకోండి

మన ఊళ్లలో ఇల్లంటే ముందు ముహూర్తం, తర్వాత మేస్త్రి, ఆఖర్న ఎప్పుడో పర్మిషన్. ఈ వరుసను తిరగేయాలి. తెలంగాణ పల్లెల్లో సొంత జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు జాగా సంగతి తేల్చుకోండి. గ్రామకంఠంలో (ఊరి ఇళ్లకు వదిలిన జాగాలో) ఉందా, లేఔట్ ప్లాటా, సాగు భూమా? సాగు భూమి అయితే నాలా మార్పిడి, అంటే దాన్ని సాగేతర భూమిగా మార్పించుకోవడం కావాలి. ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూ భారతిలో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టాలి. ఈసీ (జాగా మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (జాగా చేతులు మారిన పాత దస్తావేజులు) తీసి పెట్టుకోండి. తర్వాత టేపు పట్టండి. మా జాగా కాగితం మీద 240 గజాలు, కొలిస్తే 228. మిగతాది రోడ్డులో కలిసిపోయింది. అప్పటికే ప్లాన్ గీయించేశాం, మళ్లీ మొదటికొచ్చాం.

ఇక ఆర్కిటెక్ట్. బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఆర్కిటెక్టులు కారు. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైనవాళ్లే ఆ పేరు వాడుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మండల కేంద్రంలో దొరక్కపోతే జిల్లా కేంద్రంలో వెతకాలి. చుట్టుపక్కల మీకు నచ్చిన ఇల్లు ఉంటే ఆ ఇంటాయననే అడగడం మేలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇంట్లో కాసేపు కూర్చుంటే చాలా తెలుస్తుంది.

ఫీజు మాట్లాడేటప్పుడే ఇవీ అడగండి: సైటుకు ఎన్నిసార్లు వస్తారు? ప్లాన్‌లో ఎన్ని మార్పులు చేసిస్తారు? పునాది, స్లాబు స్టీలు లెక్కలు వేసే స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫీజు ఇందులోనే ఉందా? వడ్ల బస్తాలు ఎక్కడ పెడతారో, ట్రాక్టర్ ఎటు తిరగాలో, బర్రెల కొట్టం ఎంత దూరంలో ఉండాలో మీరే చెప్పాలి. పట్నం ఆర్కిటెక్ట్‌కు అవి తట్టవు. వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతినీ ఆర్కిటెక్ట్‌నూ మొదట్లోనే ఒకచోట కూర్చోబెట్టండి. ప్లాన్ అయ్యాక వంటగది ఆగ్నేయానికి జరిగితే దాని వెంట పైపులన్నీ జరగాల్సిందే.

పర్మిషన్‌కు పంచాయతీ కార్యదర్శిని కలవాలి. మీ ఊరు ఈమధ్య మున్సిపాలిటీలో కలిసిందేమో ముందే కనుక్కోండి, కలిస్తే పద్ధతి వేరు. 300 చదరపు మీటర్లు, అంటే సుమారు 359 గజాల లోపు జాగాలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి పంచాయతీయే అనుమతి ఇస్తుంది. అది దాటితే డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) సాంకేతిక ఆమోదం కూడా కావాలి. ప్లాన్ కాపీలు, దస్తావేజు, ఈసీ జతచేసి ఫీజు కట్టి రసీదు తీసుకోండి. ‘నోటిమాట చాలులే’ అని ఎవరన్నా వినొద్దు. రేపు హోమ్‌లోన్‌కు వెళ్తే బ్యాంకు అడిగేది ముద్ర ఉన్న ప్లానే.

ఆ ప్లాన్ జిరాక్సు మేస్త్రికిచ్చి, ఒరిజినల్ బీరువాలో పెట్టండి. పిల్లర్ గుంతలకు ముగ్గు పోసే రోజు సెట్‌బ్యాక్‌లు (హద్దు నుంచి గోడదాకా వదలాల్సిన ఖాళీ) మీరే దగ్గరుండి కొలవండి. పిల్లర్లు లేచాక అడుగు తేడా వచ్చిందని తెలిసినా చేసేదేమీ ఉండదు.