పొగ మానేశాక ఎదురయ్యే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

ఇరవై, ముప్పై ఏళ్లు సిగరెట్టో బీడీయో కాల్చినవారు మానేసిన వారం తిరక్కుండానే "మానినప్పటినుంచే ఒంట్లో బాగుండటం లేదు" అంటూ మళ్లీ ముట్టించడం తరచూ చూస్తుంటాం. ఆ బాధలు నిజమైనవే. కాకపోతే ఒక్కొక్కదానికి ఒక్కో కారణం ఉంది, అది తెలిస్తే పొగ జోలికి వెళ్లకుండానే సర్దుకోవచ్చు.

సమస్య: చిరాకు, తలనొప్పి, పనిమీద మనసు నిలవకపోవడం.
కారణం: పొగాకులో అలవాటు చేసే పదార్థమైన నికోటిన్ రక్తంలో సుమారు 2 గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది కనుక, దానికి అలవాటుపడిన మెదడు మొదటిరోజు నుంచే గొడవ చేస్తుంది. మొదటి 2, 3 రోజులు ఉద్ధృతంగా ఉండి, 2 నుంచి 4 వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది.
పరిష్కారం: తహతహ పుట్టిన ప్రతిసారీ అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు లేచి నడవడం, మంచినీళ్లు తాగడం, నోట్లో సోంపు వేసుకోవడం సరిపోతాయి. సరిపోనివారికి నికోటిన్ గమ్ ఉంది.

సమస్య: గమ్ వాడినా కోరిక తగ్గకపోవడం, పైగా వెక్కిళ్లు, గుండెల్లో మంట.
కారణం: తప్పు గమ్‌ది కాదు, నమిలే తీరుది. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ లాలాజలంతో పొట్టలోకి పోతుంది. అది ఒంటికి పట్టవలసింది బుగ్గ లోపలి పొర ద్వారా.
పరిష్కారం: మెల్లగా నమిలి, నాలుకకు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య అదిమి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఇలా ఒక్కో గమ్‌ను అరగంటసేపు వాడవచ్చు. టీ, కాఫీ, నిమ్మరసం తాగాక 15 నిమిషాలైనా ఆగాలి, ఎందుకంటే నోట్లో పులుపుంటే నికోటిన్ సరిగా ఇంకదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించే అలవాటున్నవారికి 2 మి.గ్రా. గమ్ చాలకపోవచ్చు; 4 మి.గ్రా. గమ్ విషయం డాక్టరును అడగాలి.

సమస్య: నిద్ర పట్టకపోవడం, గుండె దడ.
దీన్ని అందరూ నికోటిన్ లేమికే అంటగడతారు గానీ, సగం దోషం టీదీ కాఫీదీ కావచ్చు. పొగలోని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విరిచే ఎంజైమును రెచ్చగొడతాయి. పొగ ఆగితే ఆ వేగం తగ్గి, రోజూ తాగే ఆ నాలుగు కప్పులే ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. కప్పులు సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత మానేయాలి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక వ్యాధికి క్లోజపిన్ వంటివి వాడేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది కాబట్టి, వారు మానే ముందే డాక్టరుకు చెప్పి మోతాదు చూపించుకోవాలి.

సమస్య: పొద్దున్నే విరేచనం కాకపోవడం.
బీడీ ముట్టిస్తేనే కడుపు కదులుతుందనేవారిది భ్రమ కాదు, నికోటిన్ పేగులను కదిలిస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, భోజనంలో ఆకుకూర, పళ్లు, కాస్త నడక ఉంటే కొన్ని వారాల్లో కుదురుకుంటుంది.

సమస్య: దగ్గు, కళ్లె ఎక్కువ కావడం.
పొగకు చచ్చుబడిన, ఊపిరితిత్తుల గొట్టాల లోపలి సన్నని వెంట్రుకల్లాంటి నూగు మళ్లీ పనిచేస్తూ పేరుకున్న కళ్లెను పైకి నెడుతుంది. ఇది మంచి సూచనే. అయితే కళ్లెలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

సమస్య: నెలలు గడిచాక టీకొట్టు దగ్గర స్నేహితులతో ఉన్నప్పుడు హఠాత్తుగా కోరిక.
ఇక్కడ పనిచేసేది నికోటిన్ లేమి కాదు. చేతిలో టీ గ్లాసు, పక్కవాడి పొగ, విడిగా ఒక్కటి కొనుక్కునే వీలు. నా ఉద్దేశంలో "ఒక్కటే కదా" అన్నమాట మొదటి వారం కన్నా ఇప్పుడే ప్రమాదకరం. కొన్నాళ్లు టీ ఇంట్లోనే తాగడం, మానేశానని ఆ స్నేహితులకే ముందుగా చెప్పి ఇవ్వొద్దని అడగడం మేలు. పొరపాటున ఒకటి కాల్చినా అక్కడే ఆపి, సిగరెట్టు పెట్టెమీద ముద్రించి ఉండే 1800-11-2356కు ఫోన్ చేయాలి. ఆ సలహా సేవకు ఖర్చు లేదు.