బస్తా మోయలేని హమాలీని మచ్చు (సరుకు నమూనా) చూసే పనికి ఎలా మార్చాలి?

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ దుకాణం. నడుం పట్టేసిన హమాలీని తీసుకెళ్లి వాచ్‌మన్‌గా కూర్చోబెట్టడం ఇక్కడ మామూలే. నా దృష్టిలో అది శుద్ధ దండగ. ఏళ్ల తరబడి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసినవాడు, భుజానికెత్తుకోగానే పచ్చి సరుకో ఆరిన సరుకో చెప్పేస్తాడు. అంత తెలిసినవాణ్ని పెట్టాల్సింది మచ్చు దగ్గర.

ముందు ముఠా మేస్త్రీతో మాట్లాడండి. టిక్కీల లెక్కన వచ్చిన కూలిని ముఠా అంతా పంచుకుంటారు, ఒకడు తప్పుకుంటే మిగతావాళ్ల మీద పడుతుంది. మేస్త్రీని కాదని నేరుగా మనిషిని పిలిచారో, సరుకు దిగే రోజున తడాఖా చూపిస్తారు. ఆ తర్వాత జీతం. సీజన్‌లో కూలి దండిగా ఉంటుంది, వానాకాలంలో పల్చబడుతుంది. అందుకే ఏడాది మొత్తానికి సగటు కట్టి నెలజీతం చెప్పండి. వానాకాలం లెక్క చూపించి బేరమాడితే ఉసురు తగులుతుంది.

ఫిబ్రవరి, మార్చిలో ఈ పని పెట్టుకోవద్దు. యార్డు నిండా సరుకున్నప్పుడు నేర్పే తీరిక ఎవరికుంది? ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో దాచింది) అమ్ముకునే నెలల్లో మొదలుపెట్టండి.

నేర్పేటప్పుడు తేమ కొలిచే మీటరు ముందుగా బయటికి తీయకండి. "బాబాయ్, ముందు నువ్వు చెప్పు" అనండి. గుప్పెడు కాయలు టిక్కీ మధ్యలోంచే తీయించాలి, పైపొర ఎప్పుడూ అందంగానే ఉంటుంది మరి! కాయ ఊపితే గింజ గలగలమనాలి. వంచితే విరగాలి, మెలితిరిగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. ఆయన మాట చెప్పాకే మీటరు పెట్టి సరిచూడండి. తేమ 11 శాతం దాటిన సరుకు నిల్వలో బూజు పట్టొచ్చు. బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తే ఎగుమతిదారు ఆ లాటు ముట్టడు. ఈ సంగతి కూడా ఆయనకు విడమరిచి చెప్పండి, ఊరికే అంకె చెబితే చాలదు. తాలు కాయలు (రంగు పోయి తెల్లబడ్డవి) ఏరడం మాత్రం మనం ఆయనకు నేర్పక్కర్లేదు.

రాత పని గుమాస్తాకే వదిలేయండి. చదువు రాదని నలుగురిలో చిన్నబుచ్చొద్దు. రైతులు, కొనుగోలుదార్లు ఉన్నప్పుడు "మచ్చు బాబాయ్ చూస్తాడు" అని మీ నోటితో మీరే అనాలి. లేకపోతే అలవాటుకొద్దీ ఎవరో ఒకరు "ఈ బస్తా అటు వెయ్" అంటూనే ఉంటారు.

ముఠాలో ఆయన స్థానంలోకి ఎవర్ని తీసుకోవాలన్నది మేస్త్రీ ఇష్టం. చాలాసార్లు కొడుకో అల్లుడో వస్తాడు. అందులో మీరు వేలు పెట్టకండి.