ఫిలిప్పీన్స్ భాగస్వామితో విదేశానికి వెళ్లేముందు: పెళ్లి, వీసా, కాగితాల క్రమం

ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో వైద్యవిద్య చదివిన మన పిల్లలు, దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేసే మన ఇంజనీర్లు ఫిలిప్పీన్స్ వారిని పెళ్లి చేసుకోవడం హైదరాబాద్‌లో ఇప్పుడు వింతేమీ కాదు. ఇరువైపుల పెద్దలను ఒప్పించిన తరువాత, మూడో దేశంలో కాపురం పెట్టాలనుకున్నప్పుడే అసలు పని మొదలవుతుంది. అప్పుడు భారత్, ఫిలిప్పీన్స్, వెళ్లబోయే దేశం అనే మూడు ప్రభుత్వాల కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. అందువల్ల ముహూర్తం పెట్టుకోవడానికి ముందే ఏ దేశానికి వెళ్లాలో తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే పెళ్లి ఎక్కడ, ఏ చట్టం కింద, ఎప్పుడు జరగాలన్నది చాలావరకు ఆ దేశపు నిబంధనలే నిర్ణయిస్తాయి.

అమెరికా విషయం ముందుగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ వారికి అందులో పెద్ద ప్రయోజనం ఉంది, చాలామందికి అది తెలియదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల భారత్‌లో పుట్టినవారు ఇబి-2, ఇబి-3 అనే నిపుణ ఉద్యోగుల వర్గాలలో పదేళ్లకు పైబడిన వరుసలో నిలబడి ఉన్నారు. అయితే దరఖాస్తును ఏ దేశం లెక్కలో వేయాలన్నది పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన దేశాన్ని బట్టి తేలుతుంది, పైగా భార్య లేదా భర్త పుట్టిన దేశాన్ని వాడుకోవడానికి అక్కడి చట్టం అనుమతిస్తుంది. అంటే మీ భాగస్వామి ఫిలిప్పీన్స్‌లో పుట్టి ఉండి, ఇద్దరూ కలిసి గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేస్తే, మీకు భారత్ వరుసకు బదులు ఫిలిప్పీన్స్ వరుస వర్తిస్తుంది. ఆ వరుసలో కూడా కొన్నిసార్లు నిరీక్షణ ఉంటుంది గానీ, మన వరుసతో పోలిస్తే అది చాలా చిన్నది. భాగస్వామి తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉండగా అక్కడే పుట్టి ఉంటే లెక్కలోకి వచ్చేది ఆ గల్ఫ్ దేశమే కాబట్టి, పాస్‌పోర్టు రంగు చూసి కాక జనన ధ్రువపత్రం చూసి న్యాయవాదితో మాట్లాడండి. హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఆ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసా వంటి వాటి ఇంటర్వ్యూ విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు నుంచి పౌరసత్వం ఉన్న దేశంలో గానీ నివాసం ఉన్న దేశంలో గానీ హాజరు కావాలని అమెరికా చెబుతోంది. కాబట్టి మీ ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో, మీ భాగస్వామిది మనీలాలో జరిగే అవకాశం ఎక్కువ.

కెనడాకు పెళ్లి తప్పనిసరి కాదు. 12 నెలలు ఎడతెగకుండా కలిసి కాపురం చేసినట్లు అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా వంటి ఆధారాలు చూపితే సరిపోతుంది. అయితే మీరు ఒంటరిగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకున్నా భాగస్వామి పేరును అందులో తప్పక వెల్లడించాలి, లేకపోతే తరువాత కుటుంబ సభ్యులుగా స్పాన్సర్ చేసే హక్కును కోల్పోయే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో స్థిరనివాసం ఉన్నవారు భాగస్వామిని పిలిపించుకోవాలంటే 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి కనీసం 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. ఆరు నెలలకు మించి ఉండేందుకు వెళ్లేవారు భారత్‌లో నివసిస్తున్నా ఫిలిప్పీన్స్‌లో నివసిస్తున్నా క్షయ పరీక్ష ధ్రువపత్రం జతచేయాలి.

ఇక పెళ్లి సంగతి. గుడిలో తాళి కట్టించుకోండి, చర్చిలో ఉంగరాలు మార్చుకోండి, అవి మీ ఇష్టం. కానీ హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైనప్పుడే వర్తిస్తుంది కాబట్టి, కాగితం కోసం తొందరపడి మతం మార్పించే దారి కన్నా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే మీకు భద్రమైన దారి అని నా అభిప్రాయం. దీనికి ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి, అంటే సబ్-రిజిస్ట్రార్‌కు, నోటీసు ఇవ్వాలి. తరువాత 30 రోజులు ఆగి, నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు ముగ్గురు సాక్షుల సమక్షంలో పెళ్లి జరుపుకోవాలి. మీ భాగస్వామి 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసాపై వస్తే ఈ గడువు పూర్తికాకముందే తిరిగి వెళ్లవలసి వస్తుంది కాబట్టి, ఎక్కువ కాలం ఉండనిచ్చే వీసా తీసుకోమనండి. ఫిలిప్పీన్స్ గణాంక సంస్థ ఇచ్చే జనన ధ్రువపత్రం, సెనోమార్ అని పిలిచే అవివాహిత ధ్రువపత్రం, న్యూఢిల్లీలోని వారి రాయబార కార్యాలయం ఇచ్చే వివాహ అర్హత పత్రం ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

పెళ్లి ఫిలిప్పీన్స్‌లో జరుపుకోవాలనుకుంటే, 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుకు దొరుకుతున్న 14 రోజుల వీసా రహిత ప్రవేశాన్ని నమ్ముకోవద్దు. దానిని పొడిగించరు, మరో వీసాగా మార్చరు. అక్కడ వివాహ లైసెన్సు దరఖాస్తును 10 రోజులు నోటీసు బోర్డులో ఉంచిన తరువాతే లైసెన్సు ఇస్తారు. దానికి ముందు మనీలాలోని భారత రాయబార కార్యాలయం నుంచి మీ వివాహ అర్హత పత్రం తెచ్చుకోవాలి. చేతికొచ్చిన లైసెన్సు 120 రోజులు చెల్లుతుంది.

అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: భాగస్వామికి ఇంతకుముందు పెళ్లయిందా? ముస్లింలకు తప్ప ఫిలిప్పీన్స్ పౌరులకు ఆ దేశ చట్టంలో విడాకులు లేవు. విదేశీయులైన మాజీ భర్త లేదా భార్యతో విదేశంలో విడాకులు జరిగినా, అక్కడి కోర్టు దానిని గుర్తించి, ఆ సంగతి వివాహ రికార్డులో నమోదయ్యేదాకా పాత పెళ్లి రికార్డులో అలాగే ఉంటుంది. ఆ కేసు ముగియడానికి ఎంతో కాలం పట్టవచ్చు కాబట్టి, ఈ విషయం తేలకముందు కన్వెన్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వకండి.

పెళ్లి హైదరాబాద్‌లో జరిగితే దానిని ఫిలిప్పీన్స్ రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి, లేకపోతే మీ భాగస్వామి దేశం రికార్డుల్లో ఆ పెళ్లి కనిపించదు. మన వివాహ ధ్రువపత్రానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే ఒప్పందంలో ఉన్న ఇతర దేశాల్లో పత్రం చెల్లేలా చేసే ధ్రువీకరణ, వేయించుకోవాలి. ఫిలిప్పీన్స్ 2019 మే నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి వారి పత్రాలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. యూఏఈకి అపోస్టిల్ చాలదు, వారి రాయబార కార్యాలయపు అటెస్టేషన్ అవసరం.

పేర్ల విషయంలో ఓపిక కావాలి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు నిలబడుతుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరిస్తుంది. వారికి తల్లి పుట్టింటి ఇంటిపేరు మధ్యలో, తండ్రి ఇంటిపేరు చివర వస్తాయి. వివాహ ధ్రువపత్రంలో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా పడేలా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో సంతకం పెట్టేముందే సరిచూసుకోండి, ఎందుకంటే ఆ తరువాత సవరణ చేయించడం కన్నా పెళ్లి చేసుకోవడమే తేలిక.

వీసా వచ్చేదాకా భాగస్వామి హైదరాబాద్‌లోనే ఉండాలంటే, భారతీయుల జీవిత భాగస్వామికి ఇచ్చే ఎంట్రీ వీసా తీసుకోవాలి. వీసా గడువు 180 రోజులు మించితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయపు ఆన్‌లైన్ సేవ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ద్వారా నమోదు చేయించాలి. దీర్ఘకాలం ఉండేందుకు వీలిచ్చే ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డుకు పెళ్లి నమోదై రెండేళ్లు నిండాలి. ఫిలిప్పీన్స్ నుంచే నేరుగా కొత్త దేశానికి బయలుదేరితే మాత్రం, విదేశీయుల జీవిత భాగస్వాములుగా స్థిరపడేందుకు వెళ్లే పౌరులకు విదేశీ ఫిలిప్పీనోల కమిషన్ నిర్వహించే కౌన్సెలింగ్‌కు హాజరై ధ్రువపత్రం పొందాలి. అది లేకపోతే చేతిలో వీసా ఉన్నా మనీలా విమానాశ్రయంలోనే ఆపేస్తారు. పోలీసు క్లియరెన్సును, మనకు పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచైనా వారికి ఎన్‌బీఐ అనే జాతీయ దర్యాప్తు సంస్థ నుంచైనా, అన్నిటికన్నా చివర తీసుకోండి. దాని చెల్లుబాటు కాలం పరిమితం కాబట్టి, ముందుగా తీసుకుంటే మిగతా పత్రాలు చేతికొచ్చేసరికి మళ్లీ దరఖాస్తు చేయవలసి వస్తుంది.