దాహం వేయట్లేదంటే నమ్మకండి: ఎండలు ముదిరేలోపు ఒంటరి పెద్దవాళ్ల కోసం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. అప్పటిదాకా ఆగకండి, ఏర్పాట్లన్నీ ఏప్రిల్ లోపే అయిపోవాలి. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. వడదెబ్బ అంటే ఎండలో తిరిగి పడిపోవడమే అనుకుంటాం గానీ, పెద్దవాళ్లకు ఇంట్లో మంచం మీద ఉండగానే తగులుతుంది.

పల్నాడులో మా పెద్దమ్మ రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. రోజూ ఫోన్ చేసేవాణ్ణి. "బాగానే ఉన్నాన్రా, తాగుతూనే ఉన్నా" అనేది. ఒక మే నెల మధ్యాహ్నం పక్కింటావిడ వెళ్లి చూస్తే పొంతన లేకుండా మాట్లాడుతోందట. పొద్దున నింపిన బిందె నిండుగానే ఉంది. ఆమె అబద్ధం చెప్పలేదు. వయసు మీద పడ్డాక ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం తెలియదు, చెమట కూడా సరిగా పట్టదు. ఆ రోజు పక్కింటావిడ వెళ్లబట్టి సరిపోయింది.

అందుకే ఫోన్‌లో "నీళ్లు తాగావా?" అని అడిగి ఊరుకోవద్దు. పొద్దున్నే రెండు సీసాలు నింపి మంచం పక్కన పెట్టించండి, సాయంత్రానికి ఎంత మిగిలిందో ఎవరైనా కళ్లతో చూడాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలట్లేదన్నమాట. చాలామంది ఆడవాళ్లు రాత్రి లేచి బయటికి వెళ్లాలన్న భయంతో సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. దారిలో ఒక లైటు పెట్టిస్తే ఆ భయం సగం తగ్గుతుంది. పల్చటి మజ్జిగ, రాగి అంబలి మంచివే. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో, ఓఆర్‌ఎస్ తాగొచ్చో లేదో డాక్టర్నే అడగాలి.

మందుల చీటీ కూడా ఒకసారి చూపించండి. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. ఎండాకాలంలో మోతాదు మార్చాలా అని డాక్టర్నే అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

రేకుల ఇల్లయితే పైన సున్నం కొట్టించండి, లేదా తడి గోనెసంచులు పరిపించండి. పన్నెండు నుంచి నాలుగు దాకా పక్కవాళ్ల డాబా ఇంట్లోనో, వేపచెట్టు నీడలోనో కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. గదిలో 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ వేడిగాలినే కొడుతుంది, అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి. బ్యాంకు పని, పింఛను పని ఏదున్నా పొద్దున పదిలోపే.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు.

దూరంలో ఉన్న పిల్లలు ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంటి రెండో తాళం చెవిని పక్కింటివాళ్లకు ఇవ్వండి. రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం రెండింటికోసారి, పడుకునే ముందోసారి తలుపు తట్టి చూడమని అడగండి. వాళ్ల నంబరు మీ ఫోన్‌లో, మీ నంబరు వాళ్ల గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.