రిమోట్ హెలికాప్టర్ కొనేముందు
పిల్లలకి కానుకగా తక్కువ ధరలో రిమోట్ హెలికాప్టర్ కొంటుంటే, డబ్బా మీద ముందు ‘గైరో’ (హెలికాప్టర్ తనచుట్టూ తాను తిరిగిపోకుండా నిలకడగా ఉంచే చిన్న పరికరం) అన్న మాట వెతకండి. అది లేనిది పైకి లేవగానే బొంగరంలా గిరగిరా తిరిగేస్తుంది, పాపం పిల్లలు కాసేపటికే విసిగిపోతారు. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు ఎదురెదురుగా తిరిగే రకమైతే కొత్తవాళ్ల చేతిలో కూడా నిలకడగా ఎగురుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ (టీవీ రిమోట్‌లా కంటికి కనిపించని కాంతితో పనిచేసేది) అయితే ఇంట్లోనే ఆడించాలి, ఎండలో సిగ్నల్ సరిగా అందదు. విడి రెక్కలు దొరికే మోడలే తీసుకోండి, ముందు విరిగేవి అవే. రిమోట్‌కి పెన్సిల్ సెల్స్ చాలాసార్లు డబ్బాలో రావు. అవీ కొనిపెట్టి, హెలికాప్టర్‌ని ముందు రోజే ఛార్జ్ చేసి ఇవ్వండి. 6-7 నిమిషాలు ఎగరడానికి అరగంటకు పైనే ఛార్జింగ్ పడుతుంది, డబ్బా విప్పిన పిల్లలు అంతసేపు ఆగలేరు కదా.