వ్యాన్‌లో డీజిల్ ఇంజన్ వేస్తున్నారా? ముందు బ్రేక్ బూస్టర్ సంగతి తేల్చండి

పోయిన వారం మా పరిచయస్తుడి ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్ కొండ దారి దిగుతూ మట్టి గట్టును రాసుకుని ఆగింది. పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ వేయించి నాలుగు రోజులే అయింది. ఇంజన్ చక్కగా పలుకుతోంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి, ఎత్తులో లాగుడు అదిరిపోయింది. దిగేటప్పుడు మాత్రం వరుస మలుపుల్లో మూడోసారి బ్రేక్ తొక్కగానే పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లూ వేసి తొక్కాడు, గేరు తగ్గించాడు, చివరికి బండిని గట్టుకు ఆనించి ఆపాడు. లోపల ఇద్దరు పిల్లలున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత విప్పి చూస్తే ప్యాడ్లు కొత్తవే, ఆయిల్ నిండుగా ఉంది, పైపుల్లో ఎక్కడా లీకు లేదు. లేనిదల్లా బూస్టర్‌కు (పెడల్ తొక్కేటప్పుడు కాలికి తోడొచ్చే డబ్బాకు) చాలినంత వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ. ఇంజన్ మార్పిడిలో ఇదే తప్పు నేను ఇదివరకు రెండు బండ్లలో చూశాను. ఇది మూడోది. అందుకే రాస్తున్నాను. జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరొద్దు, బ్యాటరీ వైరు ముందే తీసేయండి లాంటివి ఈ పనికి దిగేవాళ్లకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు విషయం ఇది. పెట్రోల్ ఇంజన్‌లో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ రేకు ఉంటుంది. ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే అది మూసుకుంటుంది, ఇంజన్ మాత్రం గాలి పీలుస్తూనే ఉంటుంది. దాంతో మానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టంలో) వాక్యూమ్ పుడుతుంది. ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, అది పాదరసం లెక్కన సుమారు 18 నుంచి 22 అంగుళాలు ఉంటుంది. బ్రేక్ బూస్టర్ ఆ వాక్యూమ్‌తోనే మన కాలికి తోడొస్తుంది. డీజిల్‌లో వేగాన్ని అదుపు చేసేది పోసే డీజిల్ పరిమాణం, గాలి కాదు. గాలి దారి తెరిచే ఉంటుంది, కాబట్టి చెప్పుకోదగ్గ వాక్యూమ్ పుట్టదు. అందుకే డీజిల్ బండ్లకు వాక్యూమ్ పంపు విడిగా ఉంటుంది. కొన్నింటిలో క్యామ్ షాఫ్ట్ తిప్పుతుంది, కొన్నింటిలో ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) వెనకాలే బిగించి ఉంటుంది. మిత్సుబిషి డెలికా వ్యాన్లలో వచ్చిన 2.5 లీటర్ల 4డీ56 ఇంజన్‌ది ఈ రెండో పద్ధతి.

పాత బండి నుంచి ఇంజన్ కొనేటప్పుడు ఆల్టర్నేటర్ లేకుండా వస్తుంది. ‘ఏదో ఒకటి కరెంటు వస్తే చాలు’ అని వెనక పంపు లేని ఆల్టర్నేటర్ తెచ్చి పెడతారు. బూస్టర్ హోస్ ఖాళీగా వేలాడుతుంటే మానిఫోల్డ్ మీద ఎక్కడో కనిపించిన నిపుల్‌కు తగిలించేస్తారు. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి తోసేది) ఉన్న ఇంజన్‌లో అక్కడ ఉండేది వాక్యూమ్ కాదు, బూస్ట్ ఒత్తిడి! బూస్టర్ హోస్‌లోని వన్‌వే వాల్వ్ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి బూస్టర్‌కు వాక్యూమ్ అందకుండా పోతుంది.

మా పరిచయస్తుడి బండిలో ఇంకో రకం జరిగింది. పంపు ఉంది, తిరుగుతోంది కూడా. దానికి ఆయిల్ ఇచ్చే సన్న పైపు కలిపారు గానీ, ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగే లావు పైపును మెలిపెట్టి బిగించారు. పంపు ఆయిల్‌తో నిండి సరిగ్గా లాగలేకపోయింది. ఇలాంటి బండిలో మొదటి తొక్కుడు, రెండో తొక్కుడు బాగానే ఉంటాయి, ఎందుకంటే బూస్టర్‌లో కొంత నిల్వ ఉంటుంది. మూడోది మోసం చేస్తుంది. చదును రోడ్డు మీద ఒకసారి తొక్కి చూసి ‘బ్రేకులు ఓకే’ అనేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

కాబట్టి బండి కదిలించక ముందే ఈ పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. కాలు అలాగే నొక్కి పట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందకు దిగాలి. దిగలేదంటే బండి గేటు దాటకూడదు. దిగితే, ఒక నిమిషం ఐడిల్‌లో నడిపి ఆపేయండి. కాసేపాగి తొక్కితే కనీసం ఒకటి రెండు తొక్కుళ్లు మెత్తగా రావాలి. రాకపోతే వన్‌వే వాల్వ్ వాక్యూమ్‌ను పట్టి ఉంచడం లేదు, లేదా హోస్ లీకవుతోంది. చివరగా మళ్లీ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే వెంటవెంటనే ఆరేడు సార్లు తొక్కండి, ఎక్కడా పెడల్ బిగుసుకోకూడదు. ఈ ఆఖరి ముక్కను ఎవరూ చేయరు. కొండ దిగేటప్పుడు మన కాలు చేసేది మాత్రం సరిగ్గా ఇదే.

హోస్ విషయంలో ఒక మాట. మామూలు మెత్తటి రబ్బరు హోస్ వేడెక్కాక వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోతుంది, చల్లగా ఉన్నప్పుడు ఏ లోపమూ కనపడదు. వాక్యూమ్ కోసమే చేసిన గట్టి హోస్ వేయండి. 1985లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టీ3 సింక్రో లాంటి వ్యాన్లలో ఇంజన్ వెనక, బూస్టర్ ముందు. బండి పొడవునా పోయే ఆ పైపులో ప్రతి జాయింటూ చూడాల్సిందే. ఆల్టర్నేటర్ వెనక పంపు ఉన్న బండికి ఇంకో ప్రమాదం ఉంది. బెల్ట్ తెగితే చార్జింగుతో పాటు బ్రేక్ సాయమూ పోతుంది. అలాంటి బండిలో బ్యాటరీ లైటు వెలిగితే ‘ఇంటిదాకా పోదాంలే’ అనుకోవద్దు, అక్కడే ఆపండి.

ఇక బరువు, క్రౌన్ల (ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల) సంగతి. డీజిల్ ఇంజన్ సాధారణంగా పెట్రోల్ దానికన్నా బరువు, ముందు స్ప్రింగులు మార్చాల్సి రావచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు క్రౌన్ ఉండే హౌసింగ్ తరచుగా చాంబర్ కిందే ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు రెండు వేళ్ల సందు కనిపిస్తుంది, గుంతలో పడితే ఆ సందు ఉండదు. సస్పెన్షన్ పూర్తిగా నొక్కి కొలవండి. డీజిల్ తక్కువ ఆర్‌పీఎమ్‌లో పనిచేస్తుంది కాబట్టి వేగం కోసం క్రౌన్ రేషియో మారుస్తారు. మార్చితే ముందూ వెనకా ఒకే రేషియో ఉండాలి. వెనకది ఒక్కటే మార్చి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) మెలితిరిగి పగులుతుంది.

డీజిల్ లైనుకు వస్తే, ట్యాంకు పూర్తిగా కడగండి. ఇంజెక్షన్ పంపుకు లూబ్రికేషన్ డీజిలే, అందులో పెట్రోల్ మిగిలితే పంపు అరిగిపోతుంది. లోపలి పెట్రోల్ పంపు తీసేయండి. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ లైను ట్యాంకులోకే వెళ్లాలి. నీటిని వేరుచేసే ఫిల్టర్ తప్పనిసరి.

మొదటి స్టార్ట్ రోజున అందరికీ తొందరే. అందుకే ఇక్కడినుంచి వరుసగా చెప్పేస్తాను.

ఇంజన్ తన ఆయిల్ తానే పీల్చుకుని పరుగందుకుంటే తాళం తీసినా ఆగదు. గాలి దారి మూయడానికి గట్టి రేకో చెక్కో చేతికందేలా పెట్టుకున్నాకే స్టార్ట్ చేయండి. చెయ్యి అడ్డం పెట్టొద్దు. గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది.

ఆ సమయంలో ఇంజన్ పక్కన ఎవరినీ నిలబెట్టకండి.

కామన్ రైల్ ఇంజన్ (అన్ని సిలిండర్లకూ ఒకే పైపు నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది) లీకును వేలితో తడమొద్దు. 1,600 బార్లకు పైగా కూడా చేరే ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరుతుంది. సూది గుచ్చినంత గాయమే అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఏం జరిగిందో డాక్టరుకు వివరంగా చెప్పండి.

సెల్ఫ్ (స్టార్టర్ మోటారు), హీటర్ ప్లగ్గులు (స్టార్ట్‌కు ముందు సిలిండర్లను వేడిచేసేవి) ఎన్ని వోల్టులవో చదివి కలపండి. కొన్ని జపాన్ ఇంజన్లవి 24 వోల్టులు.

బాడీకీ ఇంజన్‌కీ మధ్య లావు ఎర్త్ వైరు వేయండి.

టర్బో పైపు పక్కనుంచి బ్రేక్ లైను పోనివ్వొద్దు. డీజిల్ హోస్ కూడా.

ఇంజన్ సీటు కింద ఉన్న వ్యాన్‌లో మూత బిగించి, సీల్ వేసి, పొగ లోపలికి రావడం లేదని చూసుకున్నాకే మనుషుల్ని ఎక్కించండి.

ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే అడాప్టర్ ప్లేటును డోవెల్స్ (సెంటర్ తప్పకుండా పట్టే పిన్నులు) లేకుండా బోల్టుల మీదే నిలబెట్టొద్దు. సెంటర్ తప్పితే గేర్‌బాక్స్ ముందు బేరింగ్ పోతుంది.

ఇంజన్ మార్పును కాగితాల్లో ఎక్కించండి, బీమావాళ్లకు చెప్పండి.

వారం తర్వాత మౌంటింగ్ బోల్టులన్నీ మళ్లీ బిగించండి. ఆయిల్ పైపులు చూడండి. బెల్ట్ చూడండి.

తర్వాత ఎప్పుడైనా ఆల్టర్నేటర్ రిపేరుకు ఇస్తే, పంపుతో సహా అదే తిరిగి వచ్చిందో లేదో చూసుకోండి. వేరేది పెట్టి పంపితే తీసుకోవద్దు. తిరిగి బిగించిన రోజున పెడల్ పరీక్ష మొత్తం మళ్లీ మొదటినుంచి చేయండి: ఆపి తొక్కడం, పట్టి స్టార్ట్ చేయడం, ఐడిల్‌లో ఆరేడు సార్లు.